గుమ్మడికాయ దొర, ములక్కాడ దొర

కన్నెలపాళెం,
9 మార్చి 1981

అక్కకు ధనంజయ నమస్కారాలు.

నా చేతిరాత చూసి కంగారు పడకు. ఒంట్లో బాగానే ఉంది, డేరా కూడా బాగానే ఉంది. ఉత్తరం రాసి రెండేళ్ళయింది. పనిబడితేగాని తమ్ముడికి అక్క గుర్తుకు రాలేదని అనుకుంటావు. ఒట్టు పెట్టి కాదనలేను. పనిబడే రాస్తున్నాను.

నాయన పోయాక ఆయన టూరింగ్ టాకీసు నేనే నడుపుకొస్తున్నాను గదా. ఈ ఎండాకాలం కాళహస్తికి ఆరుమైళ్ళలో, ఈ కన్నెలపాళెం ఏటి ఇసుకలో డేరా వేశాను. శివరాత్రి వెళ్ళగానే దేవుడి బొమ్మ వేస్తానని బండి కట్టించి ఊరూరా చాటించాను. మద్రాసు నుంచి ఫిలిం పెట్టె వచ్చింది. తెరిచి చూస్తే దేవుడూ లేడు, తెలుగూ లేదు. ఎప్పటిదో నలుపూ తెలుపూ ఇంగ్లీషు బొమ్మ. పెట్టెలు మారిపోయాయట. డేరా నిండా జనం కూర్చుని ఉన్నారు. ఏం చేసేది, అదే వేశాను.

మొదట ఇసుక విసిరారు. తర్వాత తెర మీద ఒకాయన కుర్చీలోంచి వెనక్కి పడ్డాడు. నవ్వారు. ఇంకొకాయన ఆయన మీద పడ్డాడు. ఇంకా నవ్వారు. మళ్ళీ మాటలు మొదలయ్యేసరికి గోల. ముందు బెంచీలో మునెమ్మ అని ఒక పెద్దావిడ ఉంది. ఆమె లేచి ప్రొజెక్టరు వైపు తిరిగి, "ఏమబ్బా, దేవుణ్ణి సూపిస్తానని చెప్పి దొరల్ని సూపిస్తివే! పోనీలే, ఆ లావాటాయన ఏమంటా ఉండాడో చెప్పే దిక్కన్నా లేదా?" అని అడిగింది.

ఆ దిక్కు నువ్వే. మాటలన్నీ టైపు కొట్టిన కాగితాలు పెట్టెలోనే ఉన్నాయి. బస్సు కండక్టర్ వెంకటేశ్వర్లు చేత పంపుతున్నాను. నువ్వు తెలుగు చేసి పంపితే మైకులో నేను చదువుతాను. మద్రాసువాళ్ళు ఈ బొమ్మను ఎవరూ అడగడం లేదు, ఎన్నాళ్ళైనా ఉంచుకోమన్నారు. ఉత్త నవ్వుల బొమ్మ అక్కా. పడడం, లేవడం, అంతే.

నీ తమ్ముడు
ధనంజయ


తిరుపతి,
13 మార్చి 1981

ధనంజయకు,

కాగితాలు అందాయి. పదకొండో పేజీ దాకా చదివి పక్కన పెట్టాను. పడడం, లేవడం అని రాశావు. యుద్ధమని రాయలేదు. మర్చిపోయావా, దాచావా?

నేను సినిమా మొహం చూసి పదేళ్ళు కావస్తోంది. ఎందుకో నీకు తెలుసు. అయినా ఒకసారి కాగితం మీద పెట్టనీ. ఆ డిసెంబరులో నాయన డేరా పుత్తూరు పక్కన ఉండింది. మీ బావ సరిహద్దులో ఉన్నారు. యుద్ధమంటే భయంగా ఉందని నేను ఏడుస్తూ కూర్చుంటే, ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతుందని నాయనే నన్ను డేరాకు తీసుకుపోయాడు. ఏదో హాస్యం బొమ్మ. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ ఉండగా నాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. చేతిలో టెలిగ్రాం. మీ బావ పోయి అప్పటికే నాలుగురోజులు. ఆ నాలుగురోజులూ నేను అన్నం తిన్నాను, తల దువ్వుకున్నాను, అన్నిటికీ మించి నవ్వాను.

యుద్ధాన్ని చూసి నవ్వించే మాటలను నా చేత తెలుగు చేయించాలని నీకెలా తోచింది? వెంకటేశ్వర్లు వచ్చినప్పుడు కాగితాలు ఇచ్చేస్తాను.

చంద్రకాంతమ్మ


కన్నెలపాళెం,
20 మార్చి 1981

అక్కా,

దాచాను. యుద్ధమని రాస్తే పెట్టె తెరవకుండానే తిప్పి పంపుతావని దాచాను. తప్పు నాదే.

దాచింది ఇంకొకటి కూడా ఉంది. పదేళ్ళుగా నీకు చెప్పలేదు. ఆ సాయంత్రం ప్రొజెక్టరు దగ్గర ఉన్నది నేను. టెలిగ్రాం తీసుకుని నాయన ముందు నా దగ్గరికే వచ్చాడు. "ఆపరా, బొమ్మ ఆపేయ్" అన్నాడు. నేను ఆపలేదు. ప్రొజెక్టరు కంతలోంచి నువ్వు కనబడుతున్నావు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పక్కావిడ భుజం మీద వాలిపోయి నవ్వుతున్నావు. ఆ రీలు ఇంకో రెండు నిమిషాలుంది. "ఈ రెండు నిమిషాలు నవ్వనీ నాయనా, మళ్ళీ యెప్పుడు నవ్వుతుందో" అన్నాను. నాయన కింద కూలబడి, రీలు అయ్యేదాకా నా కాలు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి నీ దగ్గరికి వచ్చాడు.

అంటే నువ్వు నవ్విన ఆఖరి రెండు నిమిషాలు మేమిచ్చినవి. తప్పైతే మా ఇద్దరిది. నీది కాదు.

కాగితాలు వెంకటేశ్వర్లుకు ఇచ్చెయ్. ఇంకెప్పుడూ అడగను.

ధనంజయ


తిరుపతి,
2 ఏప్రిల్ 1981

తమ్ముడు ధనంజయకు,

వెంకటేశ్వర్లు రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ మజ్జిగ ఇచ్చి పంపాను, కాగితాలు ఇవ్వలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు బడిలో పాఠం చెప్పలేకపోయాను. పిల్లలను చదువుకోమని చెప్పి కిటికీ దగ్గర నిలబడ్డాను. నాయన నీ కాలు పట్టుకుని కూర్చున్నాడన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆయన ఎప్పుడూ చెప్పలేదే. పోయేదాకా చెప్పలేదు.

ఇంటికి వచ్చి కాగితాలు మళ్ళీ మొదటి నుంచి తీశాను. రెండు బుల్లి దేశాలు. సంధి కాగితం మీద సంతకాలు చేసే వేళ ఒక దొర తుమ్ముతాడు, ఆ తుమ్ముకు రెండో దొర పెట్టుడుజుట్టు ఎగిరి సూపుగిన్నెలో పడుతుంది. యుద్ధం! ఇద్దరి సైన్యాలకూ బట్టలు కుట్టింది ఒకే దర్జీ కాబట్టి ఎవరు ఎవరి మనిషో ఎవరికీ తెలియదు. సేనాపతి దేశపటాన్ని తలకిందులుగా పట్టుకుని తన వంటశాల మీదికే దండెత్తుతాడు.

అక్కడ ఆగిపోయాను. ఎందుకంటే మీ బావ సరిగ్గా ఇలాంటిదే రాశారు. కవాతు నేర్చుకునే రోజుల్లో పొగమంచులో దారి తప్పి, వీళ్ళ దళం పాకుతూ పాకుతూ పోయి, శత్రువని సొంత వంటవాణ్ణి పట్టుకుందట. వాడు గరిటతో నలుగురిని కొట్టాడట. "చంద్రా, నాకు తగిలిన మొదటి గాయం పప్పుగరిటది" అని రాశారు. ఆ ఉత్తరం వెతికి తీశాను. టెలిగ్రాం వచ్చాక ఆయన ఉత్తరాలు ముట్టుకోవడం ఇదే మొదలు.

తెలుగు చేసిన కాగితాలు పంపుతున్నాను. దొరల పేర్లు నోరు తిరగనివి. పొద్దున సంతలో కొన్న కూరలు ఎదురుగా ఉన్నాయి. లావాటాయనకు గుమ్మడికాయ దొర, పొడుగాయనకు ములక్కాడ దొర అని పెట్టేశాను. మెల్లగా చదువు. నువ్వు చిన్నప్పటి నుంచీ మాటలు మింగేస్తావు.

నేను నవ్వలేదు. నవ్వానని అనుకోకు.

అక్క


కన్నెలపాళెం,
16 ఏప్రిల్ 1981

అక్కా,

ఏమని రాసేది! నేల టిక్కెట్టుకొచ్చినవాళ్ళకు చోటు లేక బయట ఇసుకలో కూర్చుని మైకు వింటున్నారు. కాళహస్తి నుంచి కలంకారీ పనివాళ్ళు సైకిళ్ళ మీద వస్తున్నారు. మునెమ్మ నాలుగుసార్లు చూసింది. తుమ్ము రాగానే డేరా డేరా అంతా తుమ్ముతుంది.

అయితే ఒక చిక్కు వచ్చి పడింది. నువ్వు ఊరు చూడకుండానే పేర్లు పెట్టావు. ఇక్కడ పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. సర్పంచి పదవికి నిలబడినవాళ్ళు ఇద్దరు. ఒకాయన వరదయ్య, మునెమ్మ పెనిమిటి. మనిషి ఎంత పొడుగో అంత వెడల్పు. రెండో ఆయన గురప్ప, మునెమ్మకు సొంత తమ్ముడు. ఆయన మా డేరా గుంజకంటే సన్నం. బావా బామ్మర్దులు మాట్లాడుకుని ఆరేళ్ళయిందట. పోయిన ఎన్నికల్లో రెండు తలలు పగిలాయి, ఒక గడ్డివామి కాలింది.

ఇప్పుడు వరదయ్య ప్రచారానికి పోతే జనం "గుమ్మడికాయ దొరొచ్చినాడు" అంటున్నారు. గురప్పను చూస్తే "ములక్కాడ, ములక్కాడ" అంటున్నారు. ఇద్దరూ బొమ్మ చూడలేదు, పేర్లు మాత్రం విన్నారు. నిన్న మధ్యాహ్నం గురప్ప పదిమందితో వచ్చాడు. "ఎవురప్పా ములక్కాడ? నేనేనా? ఆ లావాటోడు యెంతిచ్చినాడు నీకు, నన్ను ఎగతాళి సెయ్యమని?" అన్నాడు. వాళ్ళు పోయిన గంటకు వరదయ్య మనుషులు వచ్చి అదే మాట తిప్పి అడిగారు. 26వ తేదీ ఆదివారంలోగా ఎవరు చేయించారో చెప్పకపోతే డేరా తాళ్ళు కోస్తామని ఇటువాళ్ళు, తగలబెడతామని అటువాళ్ళు.

నువ్వు భయపడకు. ఊరికే చెప్పాను.

ధనంజయ


తిరుపతి,
19 ఏప్రిల్ 1981

ధనంజయా,

ఊరికే చెప్పావా? డేరా అంతా గుడ్డ, లోపల వందలమంది. బొమ్మ వెంటనే ఆపు.

ఇందాక ఈ ఉత్తరం ఇక్కడితో ముగించి కవరు అంటించాను. మళ్ళీ చింపాను. పేర్లు పెట్టింది నేను. నువ్వు ఎవరి పేరు చెప్పినా రెండోవాడు నమ్మడు. నిజం చెప్పాల్సిందీ నేనే.

పరీక్ష పేపర్లు దిద్దడం శనివారానికి అయిపోతుంది. ఆదివారం, 26వ తేదీ మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. ఆ ఇద్దరికీ ఒకే మాట కబురు చెయ్యి: పేర్లు పెట్టిన మనిషి వస్తోంది, ఎదురుగా కూర్చుని వినమను. అంతదాకా తెర కట్టవద్దు.

అక్క


కన్నెలపాళెం,
4 మే 1981

అక్కా,

నువ్వు సోమవారం తొలి బస్సుకే వెళ్ళిపోయావు. తర్వాత ఏం జరిగిందో నీకు తెలియాలి. ముందు నా కంతలోంచి నేనేం చూశానో చెప్పనీ.

ఎడమ బెంచీలో వరదయ్య, కుడి బెంచీలో గురప్ప, ఇద్దరి వెనకా కర్రలు. మధ్యలో నువ్వు మైకు పట్టుకుని నిలబడ్డావు.   తిరుపతి టీచరమ్మ పుస్తకం భాష మాట్లాడుతుందని అందరూ అనుకున్నారు. నువ్వేమో నాయన భాష ఎత్తుకున్నావు.

"ఈ పేర్లు పెట్టింది నేను. ఈ ఊరు నేను సూసేది ఈ పొద్దే. సంతలో కొన్న కూరగాయల పేర్లు పెట్టినాను, ఇంగేమీ లేదు. మా ఇంటాయన యుద్ధంలో పోయినాడు. యుద్ధం సూసి నవ్వితే కోపం రావాల్సింది ముందు నాకు. నాకు కోపం రాలేదు. ఇంగ మీకెందుకప్పా? కూర్చోండి, బొమ్మ సూడండి."

 మునెమ్మ లేచి మొగుడి వెనకున్నవాళ్ళ దగ్గరికి పోయి, "కట్టెలు కింద పెట్టండ్రా, నాకు తెర అడ్డమొస్తా ఉండాయి" అంది. పెట్టేశారు. అటువైపు వాళ్ళూ పెట్టేశారు. నేను బొమ్మ వేశాను, మైకులో మాటలు నువ్వే చదివావు.

ఇక సోమవారం సంగతి. పొద్దున పదింటికి వరదయ్య ఒక్కడే వచ్చాడు. చుట్టూ చూసి మెల్లగా, "మీ యక్క చెప్పింది రైటే. కూరగాయ పేర్లే. అయినా ఆ ములక్కాడోడు ఉండాడే, అచ్చం మా బామ్మర్దే! ఆ నడక, ఆ పెళుసు! ఊరంతా సూడాల. ఎన్నికలు అయ్యేదాకా ఆడించు" అన్నాడు. సాయంత్రం గురప్ప వచ్చాడు. "అబ్బా, ఆ గుమ్మడికాయ దొర మా బావే గదా! కుర్చీలోంచి లేసేది సూస్తివా? అట్నే లేస్తాడు. బొమ్మ తియ్యొద్దు" అన్నాడు. ఒకరొచ్చిన సంగతి ఇంకొకరికి నేను చెప్పలేదు. ఎందుకు చెడగొట్టడం?

అక్కా, ఆఖరి రీలులో ఏదో జరిగింది. నేను అడగను. నువ్వే రాస్తే చదువుకుంటాను.

ధనంజయ


తిరుపతి,
10 మే 1981

ప్రియమైన తమ్ముడికి,

అడగనంటూనే అడిగావు.

ఆఖరి రీలులో వంటవాడు గంట కొడతాడు. బట్టలు ఒకటే కాబట్టి ఎవరు ఎవరో తెలియక రెండు సైన్యాలనూ ఒకే వరసలో కూర్చోబెట్టి వడ్డిస్తాడు. అందరికీ పెట్టాక, అన్నం వడ్డించిన రెండు తట్టలు మిగులుతాయి. వాడు వాటిని చూసి, మూత పెట్టి, పక్కన ఉంచుతాడు. అక్కడ మాటలు లేవు. కాగితంలో కూడా ఏమీ లేదు. నేను చదవాల్సింది ఏమీ లేదు.

కానీ డేరా అంతా నా మాట కోసం ఎదురుచూస్తోంది. అందుకే, "ఆ రెండు తట్టలు ఎవరివో కాగితంలో లేదు. రానివాళ్ళవి" అన్నాను.  ఎక్కడో ఒక ముసలాయన ముక్కు చీదుకున్నాడు.

ఇంతలో కొండ మీద కత్తులు దూసుకుంటూ ఉన్న ఇద్దరు దొరలూ, అన్నం వాసనకు ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తుకొచ్చి, ఇద్దరూ కలిసి సాంబారు గుండిగలో పడ్డారు. అది సాంబారు కాదులే, వాళ్ళ సూపు. నా పక్కన మునెమ్మ నా చెయ్యి పట్టుకుని, "కూరగాయలు సట్టిలోకే వచ్చినాయమ్మా!" అంది.

అంతే. నా నోట్లోంచి వచ్చింది మైకులోంచి ఏటి అవతలిదాకా వినబడి ఉంటుంది. నేను ఆపుకోలేదు. మునెమ్మ భుజం మీద వాలిపోయాను. తల తిప్పి నీ కంత వైపు చూశాను. దీపం వెలుగే తప్ప నువ్వు కనబడలేదు. కానీ రీలు అయిపోయాక కూడా నువ్వు చాలాసేపు దీపాలు వేయలేదు. ఎందుకో నాకు తెలుసు. దీపాలు వేసి ఉంటే నీ మొహం కూడా అందరికీ కనబడేది.

ఆ రోజు నీ దగ్గర తిన్న సంగటి, పచ్చిమిరపకాయలు నూరిన ఊరిబిండి ఇంకా నోట్లో ఉన్నాయి. వంట నేర్చుకున్నావు. పెళ్ళి చేసుకోవడానికి వండిపెట్టే దిక్కు లేదన్న సాకు పోయింది, ఇంకోటి వెతుక్కో.

మీ అక్క


కన్నెలపాళెం,
7 జూన్ 1981

అక్కా,

ఎన్నికలు అయిపోయాయి. తలలు పగల్లేదు, వాములు కాలలేదు. వరదయ్య పదకొండు ఓట్లతో గెలిచాడు. గురప్ప మళ్ళీ లెక్కపెట్టమన్నాడు. మళ్ళీ పదకొండే వచ్చాయి. చెంగల్రాయుడు అని ఇక్కడి పోస్టుమాస్టరు, "ఇన్నేండ్లలో పోలీసులు ఊరికే కూర్చుని పేకాడుకుండేది ఇదే సూసేది" అన్నాడు.

ఎన్నికల రోజు ఎప్పుడూ రెండు పార్టీలకూ రెండు చోట్ల పొయ్యిలు వెలుగుతాయట. ఈసారి మునెమ్మ మొగుడితో, "నా తమ్ముడి మనుషులకూ ఈడే వండుతాను. లేకుంటే ఎవురికీ వండను. మీరు కొట్టుకోండి, నేను డేరాకి పోయి బొమ్మ సూసుకుంటాను" అని తెగేసి చెప్పిందట. వంట ఒకచోటే జరిగింది. బావా బామ్మర్దులు వీపు వీపు ఆనించేంత దగ్గరగా, మొహాలు అటొకరు ఇటొకరు తిప్పుకుని తిన్నారు. మాట్లాడుకోలేదు. కానీ గురప్ప తుమ్మాడు. వరదయ్య చటాలున తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. పంక్తిలో ఉన్నవాళ్ళంతా అన్నం నమలడం ఆపి నవ్వారు. ఆ ఇద్దరూ నవ్వారో లేదో చెప్పలేను, నాకు వీపులే కనబడ్డాయి. రెండు వీపులూ కదిలాయి.

వానలు వచ్చేలోగా డేరా విప్పుతున్నాను. బొమ్మ పెట్టె మద్రాసుకు పంపేశాను. ఈసారి నాయుడుపేట వైపు పోతాను. శ్రీహరికోటలో పనిచేసేవాళ్ళు అక్కడ సినిమాకు బాగా వస్తారట.

ధనంజయ


తిరుపతి,
17 ఆగస్టు 1981

తమ్ముడు ధనంజయకు,

నాయుడుపేటలో వానలు ఎక్కువని పేపర్లో చదివాను. డేరాగుడ్డ ఎత్తైన చోట పెట్టు. నేను హాయిగా ఉన్నాను. ఇది మర్యాదకు రాసిన మాట కాదు.

మొన్న బడిలో జెండా పండుగ జరిగింది. ఏటా నన్ను వేదిక మీద కూర్చోబెడతారు. హెడ్‌మాస్టరమ్మ జ్ఞానాంబగారు నా మెడలో దండ వేస్తారు. వీరపత్ని అంటారు. నేను లేచి దేశం, త్యాగం, వీరమరణం అని అవే నాలుగు మాటలు చెప్తాను. పిల్లలు తలలు వంచుకుని నిలబడి, గంట కొట్టగానే మిఠాయి దగ్గరికి పరుగెత్తుతారు. తొమ్మిదేళ్ళు అదే చేశాను. తొమ్మిదేళ్ళలో ఒక్క పిల్ల కూడా నన్ను ఆయన గురించి ఒక్క మాట అడగలేదు. అడగడానికి అక్కడ మనిషి ఉంటే గదా, పటం తప్ప.

ఈసారి లేచి మైకు పట్టుకున్నాక ఆ మాటలు నోటికి రాలేదు. "మా ఆయన పేరు చెంగయ్య. పీలేరు దగ్గర పల్లె. ఆయనకు కుడి ఎడమలు సరిగా తెలియవు" అన్నాను. హెడ్‌మాస్టరమ్మ గతుక్కుమన్నారు. కవాతులో దళమంతా ఒకవైపు తిరిగితే ఆయన ఒక్కడే ఇంకోవైపు పోయి, గోడ తగిలాక ఆగాడని చెప్పాను. పప్పుగరిట గాయం చెప్పాను. కాపలా కాస్తుంటే పొదలో ఏదో కదిలిందట. నియమం ప్రకారం మూడుసార్లు "ఆగు, ఎవరది?" అని గద్దించాడట. జవాబు రాలేదు. తెల్లారి చూస్తే బర్రె. పై అధికారికి ఇచ్చిన నివేదికలో, "శత్రువు చివరిదాకా పేరు చెప్పలేదు" అని రాశాడట.

ఆరో తరగతి వరస నుంచి మొదలైంది నవ్వు. వెనకదాకా పాకింది. టీచర్లు నవ్వారు. జ్ఞానాంబగారు దండ పళ్ళెం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను కూడా నవ్వుతూనే చెప్పాను, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. ఆయన ఆ డిసెంబరులో పోయాడని చివర చెప్పాను. అప్పుడు వాళ్ళు తలలు వంచుకోలేదు. నన్నే చూశారు.

గంట కొట్టారు. మిఠాయి బుట్టలు వచ్చాయి. ఎవరూ లేవలేదు. ఒక అమ్మాయి చెయ్యెత్తి, "టీచర్, చెంగయ్య సారు ఇంకేమి రాసినారు?" అని అడిగింది.

ఇంకో ఉత్తరం సంగతి చెప్పాను.

అక్క
చంద్రకాంత